ఇంటికి వీపు ఎటువైపు

ప్రాస్పెక్ట్ వరస, హెస్లప్,
మార్చి 9.

లెస్లీకి అక్క రాసేది.

మరదలు ఐరిస్ పంపిన అల్లం కేకు అందింది. పెట్టె మీద "పగిలిపోవును, జాగ్రత్త" అని ఎర్రసిరాతో రాసింది కదా, మా పోస్టుమాన్ దాన్ని చదివి మరీ జాగ్రత్తగా గోడ మీంచి విసిరాడు. ముక్కలైంది గానీ రుచికి లోటు లేదు. సగం మీ బావకి పట్టుకెళ్ళాను.

నార్మన్ జనవరిలో పడిపోయినప్పటి కంటే ఇప్పుడు మెరుగే. కుడిచెయ్యీ కుడికాలూ ఇంకా చెప్పిన మాట వినడం లేదు. మూతి ఒక పక్కకి జారింది, మాట ముద్దముద్దగా వస్తుంది. ఆ ముద్దలోంచి కూడా వెటకారం మాత్రం శుభ్రంగా వస్తోంది. ఆసుపత్రి వాళ్ళు ఆయన్ని లార్చ్‌ఫీల్డ్ కేర్ హోమ్‌లో పెట్టారు. అక్కడ అందరినీ "బంగారం" అని పిలుస్తారు. జీవితమంతా బస్సు నడిపినవాడు, ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, బయట రోడ్డు మలుపులో వచ్చే ప్రతి బస్సు డ్రైవరునీ తిట్టడం పనిగా పెట్టుకున్నాడు. నన్ను చూడగానే రోజూ అడిగేది ఒకటే. "ఇంటికెప్పుడే?"

అసలు విషయానికి వస్తాను. అక్కడి అధికారి పికర్స్‌గిల్ గారు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. సెప్టెంబరు చివర్లో నిర్ణయిస్తారట. అప్పటికి మా ఇంట్లో కిందనే ఒక పడకగది, దానికి ఆనుకుని స్నానాలగది, మెట్లు లేని దారి ఉంటే ఆయన్ని పంపిస్తారు. లేకపోతే లార్చ్‌ఫీల్డ్‌లోనే శాశ్వతంగా మంచం ఇచ్చేస్తారు. "శాశ్వతంగా" అన్న మాటని ఆవిడ నాకేదో బహుమతి వచ్చినట్టు చెప్పింది.

మన ఇంటి మెట్లు నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు వాటి మీంచి దొర్లి పన్ను పోగొట్టుకున్నావు. స్నానాలగది పైన, నార్మన్ కింద. అందుకని సందువైపు పెరట్లో, పాత బొగ్గులకొట్టు ఉన్నచోట, వంటింటికి ఆనించి గది వేయిద్దామనుకుంటున్నాను. మేస్త్రీ విల్ఫ్ గార్బట్ వచ్చి చూశాడు. "పర్మిషన్ ఏం అక్కర్లేదు ఎనిడమ్మా. అడక్కపోతే ఎవరూ కాదనరు" అన్నాడు.

నువ్వు ఉద్యోగమంతా ప్లానింగ్ ఆఫీసులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి వంకలు పెట్టినవాడివి. మా ఇంటికి ఏ వంకా లేకుండా ఎలా కట్టాలో చెప్పు. కంప్యూటర్లో ఉత్తరాలు పంపకు. అవి నా దాకా రావు.

అక్క
ఎనిడ్


వుడ్‌బ్రే, సఫోక్,
మార్చి 16.

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందినది. బావగారి ఆరోగ్యం కుదుటపడుతున్నందుకు సంతోషం. పరామర్శ వాక్యాలు ఐరిస్ వేరుగా రాస్తానన్నది కాబట్టి నేను నేరుగా విషయంలోకి దిగుతాను.

విల్ఫ్ చెప్పినది నిజమే, అయితే తప్పు కారణానికి నిజం. నీది పక్కిళ్ళతో గోడ కలిసిన వరస ఇల్లు. వరస ఇంటికి వెనక గోడ నుంచి మూడు మీటర్ల వరకు గది పొడిగించుకోవడానికి ప్రత్యేకమైన అనుమతి అక్కర్లేదు. "వెనక గోడ" అంటే అసలు ఇంటి వెనక గోడ. "అసలు ఇల్లు" అంటే 1948 జులై ఒకటో తేదీన ఆ ఇల్లు ఎలా ఉన్నదో అలా. ఆ తేదీకి ముందు ఎవరు ఏం కట్టినా దేవుడు కట్టినట్టే లెక్క. ఆ తరువాత కట్టినదంతా మనిషి కట్టినట్టు. ఎత్తు నాలుగు మీటర్లు మించకూడదు. సరిహద్దు గోడకు దగ్గరగా ఉంటే చూరు మూడు మీటర్లు దాటకూడదు. ఖాళీస్థలంలో సగానికి మించి ఆక్రమించకూడదు. ఇటుక పాత ఇటుకను పోలి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, గది ఇంటికి వెనక ఉండాలి గానీ ముందు ఉండరాదు. ఈ చివరిది నీకు చెప్పనక్కర్లేదనుకో.

అయినా ఒక్క జాగ్రత్త తీసుకో. అనుమతి అక్కర్లేదని కౌన్సిల్ చేతనే ఒక ధ్రువపత్రం రాయించుకో. అనుమతి అవసరం లేని పనికి అవసరం లేదని అనుమతి ఇచ్చేవాళ్ళే రాసి ఇస్తే, ఇక జన్మలో ఎవరూ వేలెత్తి చూపలేరు. దరఖాస్తు నేనే నింపి పంపుతున్నాను. నువ్వు సంతకం పెడితే చాలు. విల్ఫ్ లాంటివాళ్ళ మాట విని ఇళ్ళు కూలగొట్టుకున్నవాళ్ళను నేను ఎందరినో చూశాను. కొందరి ఇళ్ళు కూలగొట్టమని రాసినది నేనే.

ఇక్కడ నాకూ ఒక తలనొప్పి పట్టుకుంది. మా జంట ఇంట్లో అవతలి సగం గ్రెగరీ పాస్కోది. అతను వెనక ఏకంగా ఆరు మీటర్లు కడతాడట. ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పకపోతే ఆరు దాకా పోవచ్చునని కొత్త రూలు. అభ్యంతరం చెప్పే పొరుగు నేనున్నాను. ఆ గోడ లేస్తే నా అద్దాలగదిలో టమాటాలకు మధ్యాహ్నం తరువాత వెలుగు ఉండదు. ఎందుకు కడుతున్నాడో నేను అడగలేదు. అది ప్లానింగ్‌కు సంబంధించిన ప్రశ్న కాదు.

తమ్ముడు
లెస్లీ


ప్రాస్పెక్ట్ వరస, హెస్లప్,
మే 22.

లెస్లీకి,

నీ ధ్రువపత్రం సంగతి చెప్తాను, కుర్చీలో సరిగ్గా కూర్చుని చదువు.

క్రితం వారం వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతుంటే ముందుతలుపు ఎవరో కొట్టారు. సందువైపు తలుపు కాదు. తోటవైపు ముందుగది తలుపు. నా చేతిలో కత్తి జారి సింకులో పడింది. ఆ తలుపు కొట్టేది చావు కబురు తెచ్చేవాళ్ళేనని నీకు తెలుసు. నార్మన్‌కి ఏదో అయిపోయిందనుకున్నాను. పరిగెత్తి వెళ్ళి తీయబోతే అది కదిలితేనా. రంగు మీద రంగు వేసి వేసి అంటుకుపోయింది, పైగా అడ్డంగా కుట్టుమిషను. తలుపుకున్న ఉత్తరాలు వేసే కన్నంలోంచి అరిచాను.

"ఎవరండీ?"

"కౌన్సిల్ నుంచండీ."

"నార్మన్ బాగానే ఉన్నాడా?"

"నార్మన్ ఎవరండీ?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "అట్లా చుట్టూ తిరిగి సందులోకి రా అమ్మా, అందరూ అట్నుంచే వస్తారు" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది. ఆ అమ్మాయి పేరు పార్డ్యూ. మంచి పిల్ల, తెల్లబూట్లు వేసుకుని వచ్చింది, మా సందు చుట్టి వంటింటికి చేరేసరికి అవి తెల్లగా లేవు. టీ ఇచ్చాను. తాగుతూ అడిగింది.

"మీ ఇంటికి ముందు ఏదండీ?"

"నువ్వు కొట్టిందే."

"మరి తీయలేదేం?"

"అది తీసే తలుపు కాదమ్మా, ఉండే తలుపు."

"చివరిసారి ఎప్పుడు తీశారు?"

"మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు."

"ఎక్కడికండీ?"

"స్మశానానికి."

ఆ పిల్ల కప్పు కింద పెట్టింది. "అంతకు ముందు?" అంది మెల్లిగా. "నా పెళ్ళికి" అన్నాను. ఈ వరసలో ఏ ఇంట్లోనైనా అంతే, పెళ్ళికూతురో శవమో అయితేనే ఆ గడప దాటేది, మిగతావాళ్ళమంతా సందులోంచే అని వివరంగా చెప్పాను. పోస్టూ అట్నుంచే, చెత్తబండీ అట్నుంచే, పాలసీసా పెట్టేదీ అక్కడే అని కూడా చెప్పాను. అడక్కుండానే చెప్పాను. ఆమె రాసుకుంటుంటే ఎంత శ్రద్ధో అనుకున్నాను.

నాలుగు రోజుల క్రితం కౌన్సిల్ ఉత్తరం వచ్చింది. ఇంటికి ముఖ్యద్వారం, వాహనాల దారి, జనం రాకపోకలు అన్నీ సందువైపే ఉన్నందువల్ల, సందువైపే మా ఇంటి ముందుభాగమట. కాబట్టి పెరట్లో కట్టదలచిన గది ఇంటికి "ముందు" కడుతున్న గది అట. ముందు కట్టకూడదు కాబట్టి ధ్రువపత్రం ఇవ్వరట. బొగ్గులకొట్టూ, చెత్తడబ్బాలూ, బట్టలారేసే తాడూ ఉన్నది మన ఇంటి ముఖమట లెస్లీ. అమ్మ వింటే లేచి వచ్చేది.

పక్కింటి ఆడ్రీ పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ ముఖం కందగడ్డయింది. "పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచీ ప్రతి శుక్రవారం ఆ తలుపు ఇత్తడి తోముతున్నానే. వెనక తలుపుకి ఎవరన్నా ఇత్తడి తోముతారటే?" అంది. సాయంత్రానికి వరసంతా మా వంటింట్లో ఉంది. చివరికి తేలిందేమిటంటే, మర్నాటి నుంచి అందరూ ముందుతలుపులే వాడాలి. ఏది ముందో కౌన్సిల్‌కి కళ్ళారా చూపించాలి.

విల్ఫ్ గార్బట్ ఇల్లిల్లూ తిరిగి తలుపులు చిత్రికపడుతున్నాడు. ఆడ్రీ పిన్నిది తెరుచుకుంది గానీ మూసుకోవడం లేదు, ఎవరెవరి పిల్లులో ఆవిడ ముందుగదిలో కాపురం పెట్టాయి. సందులో కారు ఆపి, సంచులు మోసుకుంటూ వరస చివరిదాకా నడిచి, మళ్ళీ తోటల వెంబడి వెనక్కి వచ్చి ఇంట్లోకి దూరుతున్నారు. ఒకరినొకరు చూసి టోపీలు ఎత్తి పలకరించుకుంటున్నారు కూడా, ఎందుకంటే అటువైపు ఎదురుపడటం ఎవరికీ అలవాటు లేదు. ఫోటోలు తీసి, సంతకాలు పెట్టించి ఇందులో పంపుతున్నాను. అడగమన్నది నువ్వు. ఇప్పుడు దారి చూపించాల్సిందీ నువ్వే.

ఎనిడ్


వుడ్‌బ్రే, సఫోక్,
జూన్ 14.

ప్రియమైన అక్కకి,

నువ్వు బాధపడవద్దు. ఆ పార్డ్యూ అనే అమ్మాయి చేసినది సాహసం. సాహసాన్ని అప్పీలులో ఎదుర్కోవచ్చు. సర్వీసులో ఉండగా కూడా నాకింత మంచి కేసు దొరకలేదు.

మూడు వారాలు కూర్చుని అప్పీలు రాశాను. ఐరిస్ భోజనానికి పిలిచినా లేవలేదు. సారాంశం ఇది. ఇల్లు ఏ దిక్కుకు చూడాలని కట్టారో అదే దాని ముఖం. తోటవైపు గోడకే చెక్కిన రాతి అంచులు, ముందుకు పొడుచుకు వచ్చిన కిటికీ, నంబరు పలక, ఇత్తడి. మనిషి రోజూ నోరు తెరవనంత మాత్రాన అతని ముఖం వీపు కాదు. వరసవాళ్ళ సంతకాలూ, ఫోటోలూ జతచేశాను. ఆడ్రీ పిన్ని గడపలో నిలబడి తోముడుగుడ్డ ఎత్తి చూపుతున్న ఫోటో కంటతడి పెట్టిస్తుంది. తోటవైపే ముందు, అది ఎన్నటికీ వెనక కాజాలదు అని ఇందులో నేను నిరూపించినంత గట్టిగా ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

నిర్ణయం రావడానికి శీతాకాలం కావచ్చు. బావగారిని కాస్త ఓపిక పట్టమను.

పాస్కో మీద అభ్యంతరమూ అదే రోజు పోస్టు చేశాను. అది పొట్టిదే, కానీ పదునుగా వచ్చింది.

లెస్లీ


ప్రాస్పెక్ట్ వరస, హెస్లప్,
జులై 6.

లెస్లీకి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ముఖం, వీపు అన్నచోట మూతి ఒక పక్క కదిలింది. శీతాకాలం అన్నచోట కళ్ళు మూసుకున్నాడు. పడుకున్నాడేమో అని దుప్పటి సర్దుతుంటే అన్నాడు:

"ఏమే, వెనకది ముందయితే, ముందుది ఏమయినట్టు?"

"వెనక అయినట్టు."

"మరి అక్కడ కట్టు."

నాకు నవ్వొచ్చింది ముందు. తర్వాత రాలేదు. నిజమే కదా లెస్లీ. సందువైపు ముఖం అని వాళ్ళే కాగితం మీద రాసి ఇచ్చారు. అయితే తోటవైపు మన వీపు. వీపు వైపు మూడు మీటర్లు అడక్కుండా కట్టుకోవచ్చని నువ్వే రాశావు. అయినా నా నోటికొచ్చింది ఏమిటో చెప్పనా? "ముందుగది ముందర మరుగుదొడ్డి పెడితే జనం ఏమనుకుంటారు?" అన్నాను. "నీ పందెం ఉల్లికాడల మడి ఉంది కదా అక్కడ" అని కూడా అన్నాను. ఆయన ఏడేళ్ళు వరసగా ఊరి పందెంలో గెలిచిన మడి అది.

"ఉల్లికాడలు నన్ను ఒంటికి తీసుకెళ్తాయా?" అన్నాడు.

నేనక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆయనకి ఇల్లు కావాలి. నాకేమో ఇంటి పరువు కావాల్సొచ్చింది. పక్కమంచం ముసలాయన నాకు తన రుమాలు ఇచ్చాడు. అది శుభ్రంగా లేదు, అయినా తీసుకున్నాను.

మర్నాడే విల్ఫ్‌ని పిలిచి పునాది తవ్వించాను. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. వరస ముక్కున వేలేసుకుంది. ఆడ్రీ పిన్ని గోడ అవతల నిలబడి, "పెళ్ళికూతుళ్ళు నడిచిన దారిలో దొడ్డి కట్టిస్తున్నావే. మీ అమ్మ పుణ్యాత్మురాలు, ముందే పోయింది" అంది. అప్పట్నుంచి మాటల్లేవు. పోరాటం నా కోసమని మొదలెట్టి, తలుపులు చిత్రికపట్టించుకుని, పిల్లుల్ని భరించి, తీరా చూస్తే నేనే అటు ఫిరాయించానని అందరికీ కోపం. వాళ్ళ కోపంలో న్యాయం లేకపోలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. నువ్వు ఆ అప్పీలు వెనక్కి తీసుకోవాలి. అది గెలిచిందంటే తోటవైపే ముందు అవుతుంది. అప్పుడు నా గది ముందు కట్టిన గది అవుతుంది. పడగొట్టమంటారు. గది గోడలు లేస్తున్నాయి, సెప్టెంబరు ముంచుకొస్తోంది. రేపే రాయి.

ఇంకొక మాట. మరదలు ఫోన్ చేసింది. మీ పాస్కో వాళ్ళ నాన్న మెట్లు ఎక్కలేడట కదా. చలికాలం నుంచి హాల్లో సోఫా వెనక మంచం, మంచం పక్కన దొడ్డికి బకెట్టు కుర్చీ, అడ్డంగా ఒక దుప్పటి. ఆ ఆరు మీటర్లు అందుకట. నీ ఉత్తరాలు మళ్ళీ తీసి ఆ సంగతి ఎక్కడ రాశావా అని వెతికాను. టమాటాలే కనిపించాయి.

ఎనిడ్


వుడ్‌బ్రే, సఫోక్,
జులై 15.

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి నేను రెండు రోజులు నిద్రపోలేదు. ధ్రువపత్రం లేకుండా పునాది వేయించావా? నిర్ణయం వచ్చేదాకా పని ఆపించు.

అప్పీలు విషయం. అది గెలిచే వాదన. కొత్తగా చేరేవాళ్ళకు ఇది చదివి వినిపించాలని నా పాత ఆఫీసులో ఇద్దరు అన్నారు. అది గెలిస్తే నువ్వు మొదట కోరుకున్నట్టే సందువైపు గది కట్టుకోవచ్చు. కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. సరిగ్గా చేసిన పని ఆలస్యమైనా సరిగ్గా చేసినట్టే కదా.

పాస్కో గారి తండ్రి సంగతి ఐరిస్ నీతో చెప్పి ఉండవలసినది కాదు. వ్యక్తిగత పరిస్థితులను ప్లానింగ్‌లో లెక్కలోకి తీసుకోరు. మనుషులు మారతారు, గోడ ఉంటుంది. ఆ వాక్యం నేనే ఎన్ని ఫైళ్ళలో రాశానో.

లెస్లీ


ప్రాస్పెక్ట్ వరస, హెస్లప్,
జులై 18.

ఒరే లెస్లీ,

కొంచెం ఆలస్యం అంటే ఏమిటో చెప్తాను. పికర్స్‌గిల్ గారు నిన్న మీ బావని వేరే గదికి మార్చింది. రోడ్డు కనిపించే కిటికీ తాత్కాలికంగా ఉండేవాళ్ళకట. శాశ్వతంగా ఉండబోయేవాళ్ళ గదులు లోపలి వైపట. ఆయనకిప్పుడు తిట్టుకోవడానికి బస్సు కూడా లేదు. నిన్న "ఇంటికెప్పుడే" అని అడగలేదు. నేను లేచి వచ్చేసేదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు.

నీ అప్పీలు నీ ఆఫీసులో చదివి వినిపించుకోండి, చప్పట్లు కొట్టుకోండి. కానీ ముందు వెనక్కి తీసుకో. మనుషులు మారతారు గోడ ఉంటుంది అన్నావు. నీకు గోడ కావాలో మనిషి కావాలో ఈ వారంలో తేల్చుకో. తోబుట్టువువి కాబట్టి వారం ఇస్తున్నాను.

మీ పక్కింటి గోడకి కూడా ఇదే ఉత్తరం అనుకో.

అక్క


వుడ్‌బ్రే, సఫోక్,
జులై 24.

అక్కకి,

అప్పీలు ఉపసంహరించుకున్నాను. కారణం అన్నచోట "దరఖాస్తుదారు మనసు మార్చుకున్నారు" అని రాశాను. అది పంపేముందు అప్పీలు ఒకసారి చదువుకున్నాను. చాలా బాగా వచ్చిందక్కా.

ఇటుక పాత ఇటుకను పోలి ఉండేలా చూడమని విల్ఫ్‌తో చెప్పు. వెనక అయినా సరే.

ఇక్కడ టమాటా కుండీలు దక్షిణపు గోడ వైపుకు మార్చాను. నేనే మోశాను, నడుం పట్టేసింది. పాస్కో వచ్చి సాయం పట్టాడు. వాళ్ళ పునాది సోమవారం మొదలవుతుంది. ముసలాయన చదరంగం ఆడతాడు. రెండు ఆటలు ఓడిపోయాను.

నీ
లెస్లీ


ప్రాస్పెక్ట్ వరస, హెస్లప్,
అక్టోబరు 11.

లెస్లీకి అక్క రాసేది.

మీ బావ ఇంట్లో ఉన్నాడు. ఫోన్‌లో చెప్పాను గానీ రాస్తే గానీ నాకు నమ్మకం కుదరడం లేదు.

పికర్స్‌గిల్ గారు సెప్టెంబరు మొదట్లోనే వచ్చి, తలుపు వెడల్పు కొలిచి, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీని రెండు చేతులతో లాగి చూసి, సరే అంది. అంబులెన్సు సందులోకి వచ్చింది. చక్రాల కుర్చీలో వంటింట్లోంచి, ముందుగదిలోంచి కొత్త గదిలోకి తోసుకొచ్చారు. అటు తిరిగి కిటికీలోంచి తోట చూసి, తన మడి ఉండాల్సినచోట తనే కూర్చున్నానని గ్రహించి, "ఇక్కడ ఎండ ఇంత బాగుంటుందని ఆ ఉల్లికాడలు ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

మొదటి వారం వరసవాళ్ళెవరూ రాలేదు. నేను తప్పు పట్టలేదు. రెండో వారం ఆడ్రీ పిన్ని తోటవైపు దారిలో చెత్త ఏరుతున్నట్టు వచ్చి, కిటికీ ముందు ఆగి, "ఏరా నార్మన్, నీ పెళ్ళాం నిన్ను అద్దాల్లో పెట్టిందేం, అమ్మకానికా?" అంది. ఈయన "కొనేవాళ్ళు లేరు పిన్నీ" అన్నాడు. అంతే, ఆవిడ కుర్చీ తెచ్చుకుంది. మర్నాడు ఇంకో ఇద్దరు. ఇప్పుడు టీ వేళకి వరసంతా తోటవైపే. దారి మీద గడ్డి అరిగిపోయింది. ఎవరైనా వంటింటి తలుపు కొట్టి ఎన్ని రోజులైందో. కౌన్సిల్ కోసం తలుపులు తీయించుకుని విసిగిపోయిన మనుషులు, ఇప్పుడు కౌన్సిల్ వద్దన్నా అటునుంచే వస్తున్నారు.

దాంతోనే ముప్పు వచ్చింది. ఎగువ వరసలో ఎవరికో కళ్ళు మండి, ఇంటి ముందు దొడ్డి కట్టారని కౌన్సిల్‌కి రాశారు. మంగళవారం టీ వేళ, ఆడ్రీ పిన్ని మనవరాలు ఫోన్ చేసింది, పార్డ్యూ అమ్మాయి కారు సందు మొదట్లో ఆగిందని. ఆ పిల్ల తోటవైపు ఇంతమందిని చూసిందంటే, రాకపోకలన్నీ ఇటే అని రాసుకుంటుంది. ఇది ముందయిపోతుంది. గది పోతుంది. ఆయన మళ్ళీ ఆ లోపలి గదికి పోతాడు.

నేనేమీ చెప్పలేదు లెస్లీ, చెప్పాల్సిన పని పడలేదు. ఆడ్రీ పిన్ని కర్ర పట్టుకుని లేచింది. "పదండి, వెనక్కి పదండి, కాదు, ముందుకి పదండి" అంది. అంతా లేచారు. మోకాళ్ళు అరిగినవాళ్ళు, గుండెకి మిషను పెట్టించుకున్నవాళ్ళు, అందరూ వరస చివరి మలుపు తిరిగి సందులోకి పరుగు. ఆ పిల్ల కారు దిగి నడిచి వచ్చేసరికి, ప్రతి వంటింటి గడపలో ఒక మనిషి, పుట్టినప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉన్నట్టు, రొప్పుతూ "నమస్తే అమ్మా" అన్నారట. ఒకాయన మూత తీసి చెత్తడబ్బాలోకి తొంగిచూస్తూ నిలబడ్డాడట, ఎందుకో తనకే తెలియదు.

వంటింటి తలుపు కొట్టింది. తీశాను. ఈసారి నల్లబూట్లు వేసుకొచ్చింది. కొత్త గదిలోకి తీసుకెళ్ళాను. నార్మన్‌కి నమస్కారం పెట్టి, టేపు తీసి కొలిచింది. సరిగ్గా మూడు మీటర్లు, విల్ఫ్‌ని నువ్వు ఏమన్నా అను. తర్వాత కిటికీ దగ్గరకెళ్ళి బయటికి చూసింది. నేనూ అప్పుడే చూశాను. ఖాళీ కుర్చీలు అర్ధచంద్రంలా వేసి ఉన్నాయి. గోడ మీద వరసగా టీ కప్పులు, ఇంకా ఆవిరి వస్తూ. దారి మధ్యలో ఆడ్రీ పిన్ని చెప్పు ఒకటి.

ఆ పిల్ల వేలితో కప్పులు లెక్కపెట్టింది. తర్వాత నార్మన్ వైపు తిరిగింది.

"మిమ్మల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎటునుంచి వస్తారండీ?"

నార్మన్ కప్పుల వంక చూశాడు. చెప్పు వంక చూశాడు. ముఖం వీలైనంత దీనంగా పెట్టాడు.

"ఎవరూ రారమ్మా" అన్నాడు. "ఒంటరివాణ్ణి."

పార్డ్యూ అమ్మాయి పెదవి కొరుక్కుంది. పుస్తకంలో ఏదో రాసింది. నాకు తిప్పి చూపించింది: "గది ఇంటికి వెనకవైపు ఉన్నది. చర్య అవసరం లేదు." పుస్తకం సంచిలో పెట్టి, సంచీ మూసి, అప్పుడు అంది, "టీ చల్లారిపోతోందండీ, వాళ్ళని రమ్మనండి."

నార్మన్ నవ్వాడు. జనవరి తర్వాత ఆయన నవ్వు వినడం నాకదే మొదలు. కుర్చీ ఊగేలా నవ్వాడు, కళ్ళనీళ్ళు కారుతుంటే ఎడంచేత్తో తుడుచుకుంటూ నవ్వాడు. నేను పమిటలాగా ఏప్రాన్ మూతికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియక గోడకి ఆనుకున్నాను. మూతి ఒక పక్కకే కదిలింది లెస్లీ, నవ్వు సగమే వచ్చింది. కానీ ఇంట్లో వచ్చింది.

అక్క
ఎనిడ్